ఇంటిపేరు ఒక్కటే

మొన్న సంక్రాంతికి వస్తూ మా అమ్మాయి నాకొక చిన్న సీసా తెచ్చింది.

"మడమలు పగిలాయన్నావు గదమ్మా! ఇది రాసుకో. ఆఫ్రికా చెట్టు వెన్న. షియా అంటారు," అంది.

ధర అడిగితే నవ్వి ఊరుకుంది. కూతురు నవ్వి ఊరుకున్నదంటే అది తల్లికి చెప్పదగిన ధర కాదన్నమాట!

కడపలో చలి ఏపాటి అనకండి. ఆ సంగతి మడమలకు తెలియదు. రాత్రి మూత తీసి వేలితో తీస్తే పేరిన నెయ్యిలా ఉంది. అరచేతిలో వేసుకోగానే కరిగింది. అంతే, మా జేజి, అంటే నాయనమ్మ, జ్ఞాపకం వచ్చింది.

మాది నల్లమల అంచున ఆత్మకూరు. అప్పట్లో కర్నూలు జిల్లా. 2022 నుంచి నంద్యాల జిల్లా. వానలు మొదలయ్యేసరికి ఒక చెంచు ముసలమ్మ ఇప్పగింజలు తెచ్చి, జొన్నలు కొలిపించుకుని పోయేది. గానుగాడించిన ఆ నూనె చలికాలంలో గిన్నెలో పేరుకునేది. జేజి దాన్ని మా నలుగురి కాళ్ళకూ రుద్దేది.

బడిలో పిల్లలు ఆ వాసనకు ముక్కు మూసుకున్నారు. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ రాత్రి గిన్నె తన్నేశాను. జేజి ఒక్కమాట అనలేదు. నేలమీద పడ్డ నూనె ఎత్తి తన మడమలకే రాసుకుంది. మళ్ళీ నన్ను పిలవలేదు.

షియా చెట్టు సెనెగల్ నుంచి ఉగాండా దాకా పెరుగుతుంది. కాపుకు రావడానికి 15, 20 ఏళ్ళు పడుతుంది. రాలిన పండ్లు ఏరి, గింజలు ఉడికించి, ఎండబెట్టి, దంచి, వేయించి, నూరి, నీళ్ళు పోసి చేత్తో గిలక్కొట్టి వెన్న తీసేది అక్కడి ఆడవాళ్ళే. 1796లో నైజర్ నది ప్రాంతానికి వెళ్ళిన మంగో పార్క్ అనే యాత్రికుడు, ఉప్పు లేకుండానే ఇది ఏడాదంతా నిలవ ఉంటుందని మెచ్చుకున్నాడు.

షియా, ఇప్ప రెండూ మన సపోటా కుటుంబంవే. వృక్షశాస్త్రజ్ఞులు ఒకప్పుడు రెంటికీ 'బేసియా' అనే ఒకే ఇంటిపేరు పెట్టారు. తరవాత, పెళ్ళయిన అక్కచెల్లెళ్ళకు మల్లే, ఇంటిపేర్లు మారాయి. ఒకామె సీసాలోకి ఎక్కి విమానంలో వచ్చింది. రెండో ఆమెను నేను కాలితో తన్నాను.

సీసా పక్కన పెట్టుకుని, వంగి మడమలకు రాసుకోబోతే నడుము పట్టేసింది. ఆ వయసులో జేజి నాలుగు జతల కాళ్ళకు రోజూ ఎలా రాసిందో!