ఇజాజత్ రాతలో ఉందా?

నేను సెక్యూరిటీ ఉద్యోగం చేస్తానని తెలిసి మా మొహల్లాలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఆదివారం జుహర్ తర్వాత ఇంటికి వస్తుంటారు. డబ్బు పడేస్తే ఫైనలియర్ ప్రాజెక్టు రెడీమేడ్‌గా దొరికే రోజులివి. మెహనత్ చేసి తామే చేసుకుంటామని వచ్చేవాళ్లంటే నాకు ఖదర్.

అందరూ మొదట అడిగేది "హ్యాకింగ్ నేర్పండి భాయ్‌జాన్" అనే. నేను అడిగేది, "నీకేం సవాల్ ఉంది?" అని. రీసెర్చ్ అంటే అదే కదా.

ఒకమ్మాయి సవాల్ ఇంట్లోనే దొరికింది. వాళ్ల ఖాలూకి వాట్సాప్‌లో షాదీ కార్డు వచ్చింది. నొక్కితే ఏదో యాప్ ఎక్కింది, ఖాతా ఖాళీ అయింది. అలాంటి యాప్‌లు ఫోన్‌ను ఏ పర్మిషన్లు అడుగుతాయో చూస్తానంది. రీసెర్చ్ కోసం బయట పెట్టిన శాంపిళ్లను, నెట్ తీసేసిన కంప్యూటర్‌లో విప్పి చూసింది. షాదీ కార్డుకి మన మెసేజులు చదివే పర్మిషన్ ఎందుకు? ఓటీపీ కోసం! ఆ పిల్ల రిపోర్టుతో పాటు తెలుగులో, ఉర్దూలో ఒక్క పేజీ కూడా రాసింది: షాదీ కార్డు ఫొటోగానో పీడీఎఫ్‌గానో రావాలి, పేరు చివర ఏపీకే అని ఉంటే ముట్టుకోవద్దు, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. మా గల్లీ ఆడవాళ్లకు రిపోర్టు కన్నా ఆ పేజీయే ఎక్కువ పనికొచ్చింది.

ఇంకో అబ్బాయికి అల్-కిందీ గురించి చెప్పాను. తొమ్మిదో శతాబ్దపు బగ్దాద్‌లో, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి రహస్య రాతను విప్పే తరీఖా రాసిపెట్టిన ఆలిమ్ ఆయన. మనవాడు దాన్ని తెలుగు మీద ప్రయత్నించాడు. మొదటిరోజే చిక్కుకున్నాడు. 'క్షి' మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి నాలుగు ముక్కలు. మరి దేన్ని లెక్కపెట్టాలి? అక్కడే వాడి అసలు ప్రాజెక్టు మొదలైంది.

మూడో పిల్లాడి సంగతి వేరు. తన కాలేజీ మార్కుల పేజీ లింకులో చివరి నంబరు మారిస్తే వేరేవాళ్ల మార్కులు కనిపించాయట. మొహం వెలిగిపోతోంది. "ఎన్ని చూశావు?" అన్నాను. "ఒకటే భాయ్‌జాన్." "అక్కడే ఆగు."

2000 నాటి ఐటీ చట్టంలో సెక్షన్ 43 ప్రకారం, ఇజాజత్ లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి వెళితే నష్టపరిహారం కట్టాలి. అదే మోసపు నియ్యత్‌తో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "నీ నియ్యత్ సాఫ్‌గానే ఉంది బేటా. కానీ సర్వర్‌లో మిగిలేది నియ్యత్ కాదు, నువ్వు ఎప్పుడు ఏం తెరిచావన్న లెక్క" అని చెప్పాను.

ఆ రాత్రి వాళ్ల అమ్మీ ఫోన్ చేసింది. "వాడి పేరు పక్కన ఆ హ్యాకర్ మాట రానీయకు బాబూ. వేరేవాళ్ల పిల్లాడైతే తెలివైనోడంటారు. మనోడైతే ఏమంటారో నీకు తెలుసు."

తెలుసు. ఆ ఖౌఫ్ ఉత్తదేనని ఆమెకు ఎలా చెప్పను? అందుకే అంతా కాగితం మీద పెట్టించాను. ఎవరి మార్కులూ జతచేయకుండా, తారీఖు వేసి, కాలేజీకి ఉత్తరం. ఇలాంటి లోపాల మీద రిపోర్టులు తీసుకునే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి ఒక నకలు. వారాలు గడిచాయి, జవాబు లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తానన్నాడు. సబ్ర్ అన్నాను. పెడితే లోపం పోదు, ఆ పిల్లలందరి మార్కులూ బజార్న పడతాయి. అవి నీ చేతికొచ్చిన అమానత్ అన్నాను.

ఒకరోజు ఆ లింకు పాస్‌వర్డ్ అడగడం మొదలుపెట్టింది. "శుక్రియా కూడా చెప్పలేదు" అని అలిగాడు. తర్వాత తన ల్యాప్‌టాప్‌లోనే అలాంటి సైటు కట్టుకుని, అదే లోపాన్ని ఎన్ని రకాలుగా పట్టుకోవచ్చో ప్రాజెక్టు చేశాడు. వెబ్‌సైట్ల లోపాలపై ఓవాస్ప్ వేసిన 2021 జాబితాలో మొదటి స్థానం ఈ జాతి లోపాలదే. వాడు చేసింది చిన్న పనేం కాదు.

అమ్మీలకూ అబ్బాలకూ ఒక మాట. మీ పిల్లలు ఈ ఇల్మ్ వైపు వెళతామంటే ఖౌఫ్‌తో ఆపకండి. కోడ్ మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. "ఎవరి మెషీన్ మీద చేస్తున్నావు? వాళ్ల ఇజాజత్ రాతలో ఉందా?" అని అడగండి. కాగితం తెచ్చి చూపిస్తే దువా ఇచ్చి పంపండి.