నెమ్మదిసాము

చీనాదేశమున తాయిచీ యను నొక సాము కలదు. సాము అనగానే మన బాలురకు కఱ్ఱ త్రిప్పుటయు, తొడ చఱచుటయు, ఇనుప గొలుసులను త్రెంచిన కోడి రామమూర్తినాయుడుగారును జ్ఞప్తికి వత్తురు. ఇది యట్టిది కాదు. చూచువారికి ఎవరో మెడలోతు నీటిలో నిలిచి మెల్లగా చేతులాడించుచున్నట్లు తోచును. అయినను దీని పూర్తిపేరులోని కడపటి మాటకు పిడికిలి యనియే యర్థము. హెనాన్ రాష్ట్రములోని చెన్ వంశీయుల గ్రామమున 17వ శతాబ్దమున ఇది రూపుదాల్చినదని చెప్పుదురు. ఆ గ్రామమున నేర్చిన యాంగ్ లూచాన్ (1799-1872) దానిని బీజింగు నగరమునకు కొనిపోయి పేరు తెచ్చెను. 1956లో చీనా ప్రభుత్వపు క్రీడాశాఖవారు సామాన్యులకై 24 భంగిమల చిన్నవరుసను కూర్చిరి. 2020లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. మేము మా పిల్లలకు శనివారపు ఉదయములందు నేర్పుచున్నది ఈ 24 భంగిమల వరుసయే.

దీనిని మేము రామచంద్రాపురమున కాపురమున్న ఒక విశ్రాంత ఇంజనీరుగారి యొద్ద రెండేండ్లు నేర్చుకొంటిమి. శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన డ్రిల్లు వేఱు. అందు అంకెయే గురువు. ఒకటి యనగా చేతులు పైకి, రెండనగా ప్రక్కకు. ఎవని మనస్సు ఎచ్చట తిరుగుచున్నను చేతులు వరుసలో నుండిన జాలును. ఇచ్చట పెద్దలు అంకెకు బదులు బొమ్మ నిచ్చిరి. తెల్లకొంగ ఱెక్కలు విప్పుట, మబ్బులవంటి చేతులు, సముద్రపుటడుగున సూది, ఇట్టివి భంగిమల పేర్లు. పేరు వినగానే మనస్సులో బొమ్మ లేవవలెను, ఆ బొమ్మయే చేతిని నడపవలెను.

చిక్కంతయు ఇచ్చటనే వచ్చినది. బొమ్మలు చీనావారివి, పిల్లలు పటాన్‌చెరు సంగారెడ్డిల నడుమవారు. వీరి తండ్రులు మందుల ఫ్యాక్టరీలలోను ఇనుప పనులలోను షిఫ్టులు చేయువారు. ఒడిశానుండియు బీహారునుండియు వచ్చినవారి బిడ్డలును కలరు. సముద్రము చూచినవాడు తరగతికొక్కడు దొరకుట యరుదు. సముద్రపుటడుగున సూదిని తీయుమనగా అందఱును మెడ వ్రేలవేసి నిలిచిరి. అప్పుడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, "బావిల చెంబు వడితే తీసినట్లా సార్?" అని యడిగెను. వాండ్ల అమ్మమ్మ ఊరిలో పాతాళగరిగెను చూచినదట. చూడనివారికి తానే చెప్పినది: త్రాడు నిట్టనిలువుగా దిగవలెను, వంకరపోయిన గరిగె బావిగోడకు తట్టుకొనును. మఱుక్షణమున వరుసయంతయు మోకాళ్లు మడచి, వెన్ను నిలిపి, కుడిచేతిని మెల్లగా దింపినది. మూడు వారములు మేము నోటితో చెప్పినది ఆ గరిగె ఒక్క నిమిషములో చెప్పెను.

అటుపిమ్మట పేర్లు మార్చుట పిల్లలకు పండుగయైనది. అడవిగుఱ్ఱపు జూలును పాయలు తీయుట యను భంగిమ జొన్నచేనిలో దారి చేసికొనుటయైనది. జొన్నల మాట వచ్చిన మా ప్రాంతమునకు కొదువ లేదు. 1972 నుండి పటాన్‌చెరువునందున్న ఇక్రిశాట్ సంస్థవారు జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగలపై పరిశోధనలు చేయుచునే యున్నారు. కొంగను మార్చ నక్కఱ లేకపోయెను. మంజీర జలాశయమునొద్ద మొసళ్లను చూడబోయినవారు కొంగలను చూడకుండ రాలేరు. నాడెను త్రోయు భంగిమ పద్మశాలీల పిల్లవానికి తాతగారి మగ్గమును గుర్తు తెచ్చెను. కోతిని వెనుకకు త్రోయు భంగిమను గూర్చి చెప్పనే యక్కఱలేదు. మా పిల్లలకు కోతులతో నిత్యము టిఫిను డబ్బాల తగవే కదా. కోతికి వీపు చూపరాదు, పరుగెత్తరాదు, కన్ను దానిపై నుంచి అడుగడుగుగా వెనుకకు పోవలెను. ఆ భంగిమను మా పిల్లలు చేసినంత నిజముగా మఱెవ్వరును చేయగా మేము చూడలేదు.

పట్టుపురుగుగూటినుండి దారము తీసినట్లు, త్రెగకుండ, చిక్కువడకుండ చేయి కదలవలెనని చీనా గురువులు చెప్పుదురు. మేము రాట్నమును, ఏకును ఉపమానముగా చెప్పితిమి. పిల్లలు మర్యాదకు వినిరి. ఒకడు మాత్రము, "పతంగి మాంజా లెక్క సార్, గట్టిగ గుంజితే తెగుతది, ఇడిస్తే పడిపోతది" అనెను. రాట్నము ఆనాటితో మూలబడెను.

ఇది పిల్లలాట మాత్రమే యనుకొనువారికి ఒక మాట. ఎడ్మండ్ జేకబ్‌సన్ అను అమెరికా వైద్యుడు 1930 ప్రాంతమున, చేయి వంచుచున్నట్లు ఊహించినంతనే ఆ కండరములందు సూక్ష్మమైన విద్యుచ్చలనము కలుగునని చూపెను. 1992లో అయొవా విశ్వవిద్యాలయమువారు కొందఱచే నాలుగు వారములు చిటికెనవ్రేలిని ఊహలో మాత్రమే బిగింపజేసిరి. దాని బలము నూటికి 22 పాళ్లు పెరిగినది. నిజముగా బిగించినవారికి పెరిగినది 30 పాళ్లు. 2012లో అమెరికాలోనే, వణుకుజబ్బుగల 195 మందిపై చేసిన పరీక్షలో తాయిచీ నేర్చినవారికి నిలుకడ మెఱుగైనట్లు తేలినది. కనుక బొమ్మ మనస్సులో పుట్టినను అచ్చటనే ఆగునది కాదు.

తల్లిదండ్రులలో కొందఱు, ఇందు అన్యపూజ యేమైన గలదా యని యడిగిరి. మ్రొక్కు లేదు, మంత్రము లేదు, వచ్చి చూడుడని చెప్పితిమి. వచ్చిన యొక తండ్రి అడిగిన ప్రశ్న వేఱు. ఆయన ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు నడపువాడు.

"సార్, మేం పన్నెండు గంటలు చేతులు ఆడిస్తనే ఉంటం. మా పిల్లగాడు గట్ల ఆడియ్యొద్దనే గద బడికి తోలినం."

ఈ మాటకు పుస్తకములలో జవాబు లేదు. ప్రెస్సు నడుపునప్పుడు మనస్సెచ్చట నుండునని యడిగితిమి.

"ఊర్ల ఉంటది సార్. చేతులు గాడుంటయ్, మనసు మా చెల్కకాడ ఉంటది." పిమ్మట కుడిచేయి చూపెను. చూపుడువ్రేలికి కొన లేదు. "గా దినం గూడ గాడనే ఉండె."

ఆ దినమునుండి మాకు ఆ వ్రేలు మఱపునకు రాదు. ఆయన యందు ఊహ లేకపోలేదు. ఉన్నది కనుకనే ఆ చోటు విడిచి చెల్కకు పోయినది. ఒక్కటే కదలిక వేయిమార్లు చేయుట ప్రెస్సులోను కలదు, తాయిచీలోను కలదు. ప్రెస్సు మనిషికి బొమ్మ నీయదు గనుక ఊహ చేతిని విడిచి పోవును. ఇచ్చట అదే ఊహ చేతిలోనికి, వ్రేలికొనలోనికి దిగివచ్చును. ఆయనతో ఇంతే చెప్పితిమి. అయితే కాపుగడ లేని ప్రెస్సు క్రింద ఏ భంగిమయు వ్రేలిని కాపాడజాలదు. అది యజమానులు, తనిఖీ అధికారులు చేయవలసిన పని. ఆయన "చూస్త సార్" అని గోడనానుకొని కడవరకు నిలిచెను. ఒప్పుకొనెనో లేదో చెప్పలేము. కుమారుడు మాత్రము శనివారము తప్పుట లేదు.

మఱియొక కష్టము గాలి. ఈ సామునకు దీర్ఘమైన ఊపిరి ప్రాణము. మా యొద్ద కొన్ని యుదయములందు గాలి మఱలి మందుల ఘాటు మోసికొని వచ్చును. ఈ ప్రాంతపు కాలుష్యమును గూర్చిన వ్యాజ్యము 1990లోనే సర్వోన్నత న్యాయస్థానమునకు ఎక్కినది. అప్పటికి ఈ పిల్లలు పుట్టలేదు, వీరి తల్లులే బడిపిల్లలు. ఘాటు వచ్చిన దినమున కిటికీలు మూసి, భంగిమలు మాని, కూర్చుండి కన్నులు మూసికొని వరుసయంతయు ఊహలోనే చేయింతుము. ఇట్టి అక్కఱకు గూడ ఊహ పనికివచ్చునని మాకు గురువు చెప్పలేదు.

క్రొత్త భంగిమలనే కల్పింతుమని పెద్దపిల్లలు ఉబలాటపడిరి. ఒకడు సినీమా నాట్యమును జొనిపెను. మేము ఒప్పుకొనలేదు. ఆటవెలదికి గణములు స్థిరము, మాటలు కవివి. అట్లే వరుస స్థిరము, బొమ్మ మీదియని చెప్పితిమి. దానికి వారు ఎదురుప్రశ్న వేయకపోలేదు. చెన్‌వారి సామును యాంగ్‌వారు మార్చలేదా? సన్ లూతాంగ్ (1860-1933) తానెఱిగిన వేఱు సాములను గలిపి తన పద్ధతినే పెట్టలేదా? పెట్టెను, కాని ఏండ్లకొలది పాతది చేసిన పిమ్మట. పదవ తరగతివారికి ఈ జవాబు రుచింపలేదు.

పేర్ల పనిలో ఒక్కటి మిగిలినది, పిచ్చుక తోకను పట్టుట. చేయి ముందుకు పోయి, వెనుకకు మఱలి, మరల త్రోయు భంగిమ యది. తిరుగలి విసరుటయని బాలికలు, పొదుగు వదలని దూడను లాగుటయని బాలురు పంతము పట్టిరి. రెండు నెలలైనను తేలలేదు. శనివారమున సగము వరుస తిరుగలి విసరుచున్నది, సగము వరుస దూడను లాగుచున్నది. గోడయొద్దనుండి చూచువారికి మాత్రము చేతులన్నియు ఒక్కటిగనే కదలుచున్నట్లు కనబడును.