ఉప్పుకోటకు మంచినీళ్ళు ఎక్కడివి?

కథ చెప్పేవాళ్ళకి ఊఁ కొట్టేవాళ్ళు కావాలి. చిన్నప్పుడు మా నాయనమ్మ కథ మధ్యలో ఆగి, మేం మెలకువగా ఉన్నామో లేదో చూసుకునేది. ఎవరూ ఊఁ అనకపోతే రాజకుమారుణ్ణి ఆ అడవిలోనే వదిలేసి, మా మీద దుప్పటి సర్ది వెళ్ళిపోయేది. మర్నాడు రాత్రి మళ్ళీ ఆ చెట్టు కింద నుంచే మొదలు. ఆ ఒక్క అక్షరం మీద అంత పెద్ద కథ ఆనుకుని నిలబడేదని అప్పుడు తెలియదు. ఉద్యోగ విరమణ తర్వాత ఆదివారాలు పిల్లలతో కూర్చోవడం మొదలుపెట్టాకే తెలిసింది.

మా ఊరి గ్రంథాలయం మేడ మీద ఒక గది ఉంది. ఐదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడుగురు పిల్లలు వస్తారు. మొదటి ఆదివారం వాళ్ళకి కాగితాలిచ్చి 'నాకు బాగా నచ్చిన రోజు' గురించి రాయమన్నాను. ఏడు కాగితాలూ ఒకేలా వచ్చాయి. అందరూ అమ్మమ్మగారి ఊరెళ్ళారు, మామిడిపళ్ళు తిన్నారు, మిక్కిలి ఆనందించారు. ఆ కాగితాల్లో తప్పులు లేవు, పిల్లలూ లేరు. బడిలో రాసే వ్యాసాన్ని చదివేది ఒక్కరే. ఆ ఒక్కరూ మార్కు వేయడానికే చదువుతారు. ముప్ఫై ఏళ్ళు నేనూ అలాగే చదివాను. ఎర్రసిరా టిక్కు ఊఁ కొట్టదు.

ఆ సాయంత్రం అదే పిల్లలు మెట్లు దిగుతూ ఫోనులో ఆడే ఆట గురించి మాట్లాడుకోవడం విన్నాను. ఏ తలుపుకు ఏ తాళంచెవి, ఏ వంతెన కింద ఏ భూతం, ఏ మందు తాగితే ఎంతసేపు మాయమైపోవచ్చు... ఒకడు ఊపిరి తీసుకోకుండా చెబుతుంటే మిగతావాళ్ళు "ఆఁ, తర్వాత?" అంటున్నారు. మేడ మీద నాలుగు వాక్యాలకే అలసిపోయిన పిల్లలు వీళ్ళేనా అనిపించింది.

మరుసటి ఆదివారం చార్టు కాగితాలు, గుప్పెడు చింతగింజలు, ఇంట్లో ఉన్న వైకుంఠపాళి పెట్టెలోంచి పాచిక తీసుకుని వెళ్ళాను. "మనమే ఒక ఆట తయారుచేద్దాం. ఫోను అక్కర్లేదు. ఆటకి ముందు ఒక లోకం కావాలి. పటం గీయండి" అన్నాను. ఆ మధ్యాహ్నం గదిలో పెన్సిళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

పటంతో మొదలుపెట్టడం పెద్ద రచయితలు నడిచిన దారే. 1881లో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ కుటుంబంతో స్కాట్లాండులోని బ్రేమార్‌లో ఉన్నాడు. బయట వాన విడవడం లేదు. పదమూడేళ్ళ సవతి కొడుకు రంగులతో కాలక్షేపం చేస్తుంటే, పక్కన కూర్చుని తానూ ఒక దీవి పటం వేశాడు. దాని చెట్ల మధ్య నుంచి మనుషులు తొంగిచూడటం మొదలుపెట్టారట. రోజుకో అధ్యాయం రాసి ఇంట్లోవాళ్ళకు చదివి వినిపించేవాడు. స్టీవెన్సన్ వాళ్ళ నాన్న ఊఁ కొట్టి ఊరుకోలేదు. కథలోని ముసలి నావికుడి పెట్టెలో ఏమేం ఉండాలో ఆయనే జాబితా రాసిచ్చాడు. అదే 1883లో పుస్తకంగా వచ్చిన 'ట్రెజర్ ఐలాండ్'. ప్రచురణకు పంపిన అసలు పటం దారిలో పోయింది. అప్పుడు స్టీవెన్సన్ తన పుస్తకాన్నే వెతికి, అందులో చెప్పిన కొండలూ వాగులూ ఏరుకుని, మళ్ళీ పటం గీయాల్సి వచ్చింది. ఈ సంగతి చెబితే మా పిల్లలు అయ్యో అన్నారు. ఒకమ్మాయి మాత్రం వెంటనే తన పటానికి నకలు గీసుకుంది.

అంతకుముందు 1826లో, ఇంగ్లండులోని హావర్త్ అనే పల్లెలో, ఒక తండ్రి కొడుకు కోసం లీడ్స్ నుంచి పన్నెండు కొయ్య సిపాయిల్ని తెచ్చాడు. నలుగురు పిల్లలూ తలా ఒక సిపాయిని ఎంచుకుని పేరు పెట్టుకున్నారు. వాళ్ళకో నగరం కట్టారు, రాజ్యాలు కట్టారు, వాళ్ళు చదువుకోవడానికి అగ్గిపెట్టె అంత పుస్తకాలు చీమల్లాంటి అక్షరాలతో రాశారు. వాళ్ళే బ్రాంటీ పిల్లలు. ఇరవయ్యొక్క ఏళ్ళ తర్వాత, ఒకే ఏడాదిలో, ఆ ఇంటి నుంచి 'జేన్ ఐర్', 'వుదరింగ్ హైట్స్' వచ్చాయి. వాళ్ళ ప్రతిభ గురించి లోకమంతా రాసింది. నాకు మాత్రం ఆ నలుగురూ ఒకరికొకరు ఊఁ కొట్టుకున్న ఏళ్ళే కళ్ళ ముందు మెదులుతాయి.

మనకీ ఇది కొత్త కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ళ పేర్లు తలుచుకోండి. కంచుకోట, రాకాసిలోయ, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. అన్నీ చోట్ల పేర్లే! హీరో పేరు గుర్తులేనివాళ్ళకు కూడా ఆ చోటి పేరు గుర్తుంటుంది. ఆ పేరు వినగానే అడుగుపెట్టాలనిపిస్తుంది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' తీసుకోండి. కాశీకి వెళ్ళే మణిసిద్ధుడికి తోడు కావాలి. వస్తానన్న పశువుల కాపరి కుర్రవాడు షరతు పెట్టాడు. మజిలీ మజిలీకీ తనకు వింతగా కనిపించినదాని గురించి అడుగుతాడు, దానికి కథ చెప్పాలి. ఆ పుస్తకాలన్నిటినీ కదిలించింది ఆ కుర్రవాడి ప్రశ్నే.

మా ఆట కూడా అంతే. లోకం కట్టినవాళ్ళు చార్టుకు ఒకవైపు కూర్చుంటారు. మిగతావాళ్ళు చింతగింజల్ని పట్టుకుని ఎదురుగా కూర్చుంటారు. గింజ ఏ చోటికి చేరితే, అక్కడ ఏం కనిపిస్తోందో, ఏం వినిపిస్తోందో, ఏ వాసన వస్తోందో లోకం కట్టినవాళ్ళు చెప్పాలి. ఆడేవాళ్ళు తాము ఏం చేస్తారో చెబుతారు. కుదురుతుందో లేదో అనుమానం వచ్చినచోట పాచిక. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట మూలసూత్రం ఇదే. నేను దానికి రెండు నియమాలు కలిపాను. ఒకటి, ఏ శక్తికైనా ఒక మెలిక ఉండాలి. మన మాంత్రికుడు ఎంతటివాడైనా ప్రాణం మాత్రం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది కదా, అలాగ. రెండు, ఆడిన ప్రతి చోటునూ ఇంటి దగ్గర పది వాక్యాల్లో రాసుకురావాలి. నువ్వు రాకపోయినా ఆ కాగితం చూసి ఇంకొకరు నీ లోకాన్ని నడిపించగలగాలి.

ఆ రెండో నియమం నేను తరగతిలో ఏళ్ళ తరబడి నేర్పలేకపోయినది నేర్పింది. ఐదో తరగతి అబ్బాయి ఒకడు తన గుహ గురించి "అక్కడ చాలా భయంకరంగా ఉంటుంది" అని రాశాడు. గింజ అక్కడికి చేరింది.

"ఏం కనిపిస్తోందిరా?" అని అడిగారు.

"భయంగా ఉంటుంది."

"భయం మాకు వెయ్యాలి, నీకు కాదు. కళ్ళకి ఏం కనిపిస్తోందో చెప్పు."

వాడు పెన్సిలు కొరుకుతూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "గుహ బయట చాలా జతల చెప్పులున్నాయి. లోపల ఎవరూ లేరు."

గదిలో ఎవరూ కదల్లేదు. వర్ణన గురించి నేను చెప్పదలచుకున్న పాఠమంతా ఆ చెప్పుల దగ్గరే ఉంది. నేను ఇక ఏమీ చెప్పలేదు.

అన్ని లోకాలూ కథలవుతాయని అనను. ఎనిమిదో తరగతి అబ్బాయి నోటుపుస్తకంలో నలభై ఆయుధాలు గీశాడు. ఒక్కొక్కదానికీ బలం ఎంత, బరువెంత, ధర ఎంత అని గళ్ళు గీసి అంకెలు నింపాడు. మూడు వారాలు అదే పని. అలాంటి పిల్లల్ని మందలించబుద్ధి కాదు. లెక్క కట్టడం కూడా ఒక ప్రేమే. అయినా అంకెలకు ఊఁ కొట్టడం ఎవరికైనా కష్టం. చివరికి ఒక గింజ అతని ఆయుధాగారానికి చేరి, "ఈ ఇరవయ్యో నెంబరు కత్తి ఎవరు చేశారు?" అని అడిగింది. ఆ వారం అతను తెచ్చిన కాగితంలో అంకెలు లేవు. కొలిమి ముందు కూర్చున్న ఒక ముసలి కమ్మరి ఉన్నాడు. చేసిన ప్రతి కత్తికీ తన జ్ఞాపకం ఒకటి పోగొట్టుకుంటాడు. ఇరవయ్యో కత్తికి కూతురి పేరు పోయింది.

ఇప్పుడు ఉప్పుకోట గురించి చెప్పాలి. ఆరో తరగతి అమ్మాయిది. వాళ్ళ అమ్మానాన్నలు ఉప్పుమడుల్లో పనిచేస్తారు. పటం చుట్టూ సముద్రం వేసి, మధ్యలో ఏమీ రంగు వేయకుండా వదిలేసింది. "రంగు వేయలేదేమమ్మా?" అంటే "ఉప్పు తెల్లగానే ఉంటుంది కదా మాష్టారూ" అంది. గోడలు ఉప్పు, బురుజులు ఉప్పు, రాజుగారి మంచం ఉప్పు. ఆ రాజ్యానికి శత్రువు ఒక్కటే, వాన. మబ్బు పడితే నగారా మోగుతుంది. అందరూ తాటాకులు పట్టుకుని పరుగెత్తి కోట మీద కప్పాలి. అకాల వానకు ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పే పరుగు ఆ పిల్ల ఎన్నిసార్లు చూసిందో, తానూ ఎన్నిసార్లు పరుగెత్తిందో. ఇటలీ రచయిత జియాని రోదారి పిల్లలకు కథలు అల్లడం నేర్పుతూ, ఒకదానికొకటి సంబంధం లేని రెండు మాటల్ని ఢీకొట్టించమంటాడు. ఆ నిప్పురవ్వలోంచి ఊహ పుడుతుందంటాడు. ఈ అమ్మాయి రోదారి పుస్తకం చూడలేదు. ఇంట్లోంచి ఉప్పును, చందమామలోంచి కోటను తెచ్చి పక్కపక్కన పెట్టింది.

ఏడో తరగతి అబ్బాయి గింజను కోటలోకి నడిపించాడు. బజారు చూశాడు, రాజును చూశాడు. ఉన్నట్టుండి అడిగాడు. "దాహం వేస్తోంది. ఉప్పుకోటలో మంచినీళ్ళెక్కడివి?"

ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. ముఖం చిన్నబుచ్చుకుని పటం చుట్టేసుకుని వెళ్ళిపోయింది. ఇంక రాదేమోనని ఆ వారమంతా నాకు దిగులు. ఆదివారం అందరికంటే ముందు వచ్చింది. కాగితానికి రెండువైపులా రాసింది. మంచినీళ్ళు రాత్రిపూట పడవల్లో వస్తాయి. మూతి కట్టిన కుండల్లో తెస్తారు. ఒక్క చుక్క ఒలికినా వీధికి చిల్లు పడుతుంది. అందుకని కుండలు మోసేవాళ్ళు అందరికంటే మెల్లగా నడుస్తారు. వాళ్ళు నడిచేటప్పుడు రాజు కూడా పక్కకి జరగాలి. చివర ఒక వాక్యం ఉంది. "ఆ కోటలో ఎవరూ ఏడవకూడదు. ఏడిస్తే గోడ కరుగుతుంది."

ఆ వాక్యం చదివి కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. ఆ అమ్మాయి ఇంటి గురించి నేనేమీ అడగలేదు. అడగకూడదని కూడా అనిపించింది. లోకం కట్టడంలో పిల్లలకు దొరికే గొప్ప వెసులుబాటు ఇదే. 'నాకు బాగా నచ్చిన రోజు' అంటే తన సంగతి చెప్పుకోవాలి, చెప్పుకోలేక మామిడిపళ్ళ వెనక దాక్కుంటారు. ఉప్పుకోట అంటే ఆ సంగతికి గోడలు వస్తాయి, గుమ్మం వస్తుంది. ఎవరిని ఎంతవరకు రానివ్వాలో వాళ్ళ చేతిలోనే ఉంటుంది. 1970ల మధ్యలో విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామరు, విడాకుల తర్వాత దూరమైన కూతుళ్ళ కోసం కంప్యూటరు మీద ఒక ఆట రాశాడు. బొమ్మలు లేవు, మాటలే. ఆడేవాళ్ళు ఒకటి రెండు మాటలు టైపు చేస్తే ఎదురుగా గుహలో తర్వాతి గది వర్ణన వచ్చేది. కెంటకీలో తాను స్వయంగా పాకి, కొలతలు తీసిన మామత్ గుహలనే అందులో పెట్టాడు. అక్షరాలతో ఆడే సాహస ఆటలన్నిటికీ మూలపురుషుడు ఆ 'అడ్వెంచర్'. పిల్లలు తన దగ్గరికి వచ్చినప్పుడు కలిసి తిరగడానికి ఒక తండ్రి కట్టుకున్న చోటు అది. మనసులో మాట నేరుగా చెప్పలేనప్పుడు మనిషి ఒక చోటు కడతాడు, రమ్మంటాడు.

మంచినీళ్ళడిగిన అబ్బాయి కూడా ఆ చివరి వాక్యం చదివాడు. ఎగతాళి చేస్తాడేమోనని భయపడ్డాను. వాడు గింజను అక్కడే ఉంచి అడిగాడు. "మరి ఏడుపొస్తే ఎక్కడికెళ్తారు?"

ఈసారి ఆ పిల్ల పటం చుట్టేయలేదు. పెన్సిలు తీసి, కోట బయట, అప్పటిదాకా ఖాళీగా ఉన్న మూల, ఒక వంకర గీత గీసింది. దాని పక్కన 'ఏడ్చే ఒడ్డు' అని రాసింది. "ఏడుపొచ్చినవాళ్ళు ఇక్కడికి వస్తారు. సముద్రం ఎలాగూ ఉప్పే కాబట్టి ఏమీ కాదు" అంది.

తర్వాత చాలా ఆదివారాలు గడిచాయి. ఉప్పుకోట చార్టు మడతల దగ్గర చిరిగితే వెనక నుంచి కాగితం అంటించాం. పిల్లలు అందులో దొంగల్ని పట్టుకున్నారు, వానదేవుడితో సంధి చేసుకున్నారు. మొన్న ఒకరోజు ఆ అబ్బాయి ఆలస్యంగా వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. తన వంతు రాగానే గింజను కోట దాటించి, బజారు దాటించి, ఒడ్డు మీద పెట్టాడు.

"ఇక్కడ ఏం చేస్తావు?" అని అడిగిందా అమ్మాయి.

"ఏమీ లేదు. కాసేపు కూర్చుంటా."

ఆ పిల్ల చేతిలోకి తీసుకున్న పాచికను మళ్ళీ కింద పెట్టేసింది. వాడి గింజ పక్కకు తన గింజను జరిపి, "ఊఁ" అంది.