నెత్తిన మూట లేని నడక

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన ఇళ్లల్లో నడక అంటే పని. కట్టెలకు, నీళ్లకు, తునికాకుకు, అంగడికి. పోయేటప్పుడో వచ్చేటప్పుడో నెత్తిన మూట ఉండాల్సిందే. అందుకే 2023 ఆగస్టులో మేమిద్దరం సెలవు పెట్టి కశ్మీర్‌లో గంగాబల్ సరస్సుకు నడిచి వెళ్తామంటే మా యాడి నవ్వింది. "నడిచేటందుకు పైసలు పెట్టి గంత దూరం పోతరా? మన గుట్టలేం పాపం చేసినయ్?" అంది. ఊరికే కొండ చూద్దామని నడవడం మా తండాలో మాతోనే మొదలు.

శ్రీనగర్ నుంచి నారానాగ్ దాదాపు 50 కిలోమీటర్లు, అక్కడిదాకా బండి పోతుంది. ఆ తర్వాత 15 కిలోమీటర్లు నడకే. మొదటి మూడు నాలుగు గంటలు పైన్ చెట్ల మధ్య నిట్టనిలువు ఎక్కుడు. డేరా, సామాను గుర్రం మీద వేశాం. గుర్రం ఆయనే మాకు దారి చూపించాడు. చెట్లు అయిపోయాక ఒక్కసారిగా పచ్చిక మైదానాలు. రెండో రోజు మధ్యాహ్నానికి సరస్సు దగ్గరికి చేరాం.

హర్ముఖ్ శిఖరం ఎత్తు 5,142 మీటర్లు. దాని కిందే గంగాబల్, సుమారు రెండున్నర కిలోమీటర్ల పొడవు. వేల ఏళ్లు మంచు కదిలి కదిలి రాతిని తొలిచిన గుంత అది. ఇప్పటికీ పైనున్న మంచు కరిగి అందులోకి దిగుతుంది. ఆ మంచు రాతిని అరగదీసినప్పుడు వచ్చే పిండి లాంటి పొడి నీళ్లలో తేలుతుంది, ఇలాంటి సరస్సులకు ఆ నీలి పచ్చ రంగు దానివల్లే. ఇక్కడి నీళ్లు పక్కనే ఉన్న నుంద్‌కోల్ సరస్సులోకి, అక్కడి నుంచి వాగై సింధ్ నదిలోకి, చివరికి జీలంలోకి పోతాయి. చేయి పెడితే వేళ్లు మొద్దుబారాయి. మా ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఫోటోల్లో ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ కాదు. దారి పొడవునా బకర్వాల్‌ల గొర్రెలు, మేకలు, మట్టి, దుంగలతో కట్టిన గుడిసెలు. చలికాలం జమ్మూ వైపు, ఎండాకాలం ఈ పైకొండల్లో. ఏటా మందతో, ఇంటిల్లిపాదీ నడిచే వస్తారు.

ఒక గుడిసె దగ్గర ఒక అవ్వ పిలిచి ఉప్పు చాయ్, మక్క రొట్టె పెట్టింది. వాళ్లది గోజ్రీ, మాది గోర్ బోలి. రెండూ రాజస్థానీ వైపు భాషలే. కొన్ని మాటలు ఇట్టే అర్థమయ్యాయి, మిగతాది హిందీతో నడిచింది. మా తాతల తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసేవాళ్లని, రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ లదేణి పోయిందని మా ఆయన చెప్పాడు.

"మరి ఇప్పుడు మీ మంద ఏది?" అంది అవ్వ.

లేదు, హాస్టల్లో ఉండి చదువుకున్నాం, ఉద్యోగాలు చేస్తున్నాం అన్నాం. ఆమె కాసేపు ఆలోచించి, "పిల్లాణ్ణి హాస్టల్లో వదిలితే, మందతో నడవడం వాడికి ఎవరు నేర్పుతారు?" అంది. పక్కనే ఆమె మనవడు, తొమ్మిదేళ్లుంటాయి, గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆయన మూడో తరగతి నుంచి హాస్టలే. లదేణి గురించి ఆయనకు తెలిసిందంతా పుస్తకంలో చదివిందే. మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

మనలో చాలామందికి 2006 అటవీ హక్కుల చట్టం అంటే పోడు పట్టాలే గుర్తొస్తాయి. అదే చట్టం సెక్షన్ 3(1)(డి)లో పశువులు మేపుకునే హక్కు, సంచార పశుపోషకులు కాలాన్నిబట్టి వచ్చిపోయే హక్కు కూడా ఉన్నాయి. గుజ్జర్లకు, బకర్వాల్‌లకు 1991లో ఎస్టీ గుర్తింపు వచ్చింది. ఈ చట్టం మాత్రం 2019 తర్వాతే జమ్మూ కశ్మీర్‌కు చేరింది. రెండు రోజులకు వచ్చిన మేము ఆధార్ చూపించి పైకి వెళ్లాం. తరతరాలుగా వస్తున్నవాళ్లు మాత్రం ఇది మా దారి అని కాగితం మీద రుజువు చేసుకోవాలి. పట్టా కోసం తిరిగిన ఇంట్లో పుట్టినవాళ్లకు దీన్ని ఎక్కువ వివరించక్కర్లేదు.

పోవాలనుకునేవాళ్లకు రెండు మాటలు. తెలంగాణలో ఎత్తైనదని చెప్పే దోలిగుట్టే 965 మీటర్లు. గంగాబల్ మూడున్నర వేల మీటర్ల పైన ఉంటుంది. అంత ఎత్తులో ఊపిరి అందదు. తలనొప్పి ఎక్కువై వాంతులు మొదలైతే మొండికి పోకుండా కిందికి దిగాలి. అనుమతులు ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి.

కొండలు మనకు కొత్త కావు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. మీరూ పోండి. సరదాగా నడవడం కూడా మన హక్కే. పైన ఎవరైనా మందతో ఎదురైతే పక్కకు జరిగి దారివ్వండి, ఆ దారి ముందు వాళ్లది.

ఆ అవ్వ అడిగినదానికి మీ దగ్గర జవాబుంటే కింద రాయండి. నాకు ఇంకా దొరకలేదు.