ఖాట్మండులో మొదటి రోజు

భిలాయ్‌లో ఉండే మనబోటి కుటుంబాలకు ప్రయాణమంటే నాగ్‌పూరే. ఏటా దీక్షాభూమికి వెళ్ళి రావడం, వీలైతే సిర్పూర్ విహారాల శిథిలాలు చూసి రావడం. ముప్పై ఏళ్ళ సంసారంలో, కేవలం సరదాకని మేము దేశం దాటింది మొన్ననే. నలుగురం వెళ్ళాం: మేమిద్దరం, ఉద్యోగంలో చేరిన అబ్బాయి, కాలేజీలో చదువుతున్న అమ్మాయి.

ఖాట్మండునే ఎంచుకోవడానికి రెండు కారణాలు. ఒకటి ఖర్చు. వీసా అక్కర్లేదు, మన 100 రూపాయలకు అక్కడ 160 వస్తాయి. రెండోది బాబాసాహెబ్. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో దీక్ష తీసుకున్న ఆయన, ఆరోగ్యం బాగా దెబ్బతిన్నా నవంబర్‌లో ప్రపంచ బౌద్ధ మహాసభకు ఖాట్మండు వెళ్ళారు. బుద్ధుడి గురించీ కార్ల్ మార్క్స్ గురించీ అక్కడ ప్రసంగించారు. డిసెంబర్ 6న కన్నుమూశారు. ఆయన చివరి రోజుల్లో తిరిగిన ఊరు చూడాలని మాకు ఎప్పటినుంచో ఉంది.

రాయ్‌పూర్‌లో విమానమెక్కి, ఢిల్లీలో మారి, మధ్యాహ్నానికి దిగాం. అక్కడి టైము మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది. బోర్డులన్నీ దేవనాగరిలో ఉంటే పిల్లలు గబగబా చదివేస్తున్నారు. "ఇది నిజంగా విదేశమేనా అమ్మా?" అంది అమ్మాయి.

గదిలో సామాను పడేసి, టాక్సీలో బాగ్మతి నది దాటి పాటన్ వెళ్ళాం. ఇటుక పరిచిన సందులు, చెక్కిన కిటికీలు. ఏ పెరట్లోకి తొంగిచూసినా ఒక చైత్యం, ఏ మలుపు తిరిగినా బుద్ధుడు. మా కాలనీలో ఒక్క విగ్రహం నిలబెట్టడానికి చందాలకే మూడేళ్ళు తిరిగాం. ఇక్కడ పిల్లలు చైత్యం మెట్లమీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నారు. పుట్టింటికి వచ్చినట్టనిపించింది.

అలా నడుస్తూ ఒక పాత విహారం గుమ్మం దగ్గర ఆగాం. చెప్పులు విప్పాం. లోపలికి అడుగు పెట్టబోతుంటే కాపలా ఆయన చేయి అడ్డుపెట్టి గోడమీది బోర్డు చూపించాడు. తోలు వస్తువులు లోపలికి తేకూడదు. మా ఆయన నడుముకున్న బెల్టు చూపించి, విప్పమని మర్యాదగానే సైగ చేశాడు.

అబ్బాయి తన మొదటి జీతంతో నాన్నకు కొనిపెట్టిన బెల్టు అది. కానీ మా ఆయన చేయి ఆగింది అందుకు కాదు. మా మామయ్య విజయనగరం దగ్గరి పల్లెలో చెప్పులు కుట్టేవారు. ఊరందరి కాళ్ళకూ చెప్పులు కుట్టిన మనిషి ఊళ్ళో మాత్రం చెప్పులు చేతపట్టుకుని నడిచేవారు. స్టీల్ ప్లాంట్ కడుతున్న రోజుల్లో భిలాయ్ వచ్చి కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఆరె ఇప్పటికీ మా ఇంట్లో, బాబాసాహెబ్ ఫోటో కింది అరలో ఉంది. ఆ కొడుకుని బుద్ధుడి గుమ్మంలో నిలబెట్టి, తోలు విప్పి రమ్మంటున్నారు.

"మీరు చూసి రండి," అని ఆయన పక్కనున్న అరుగుమీద కూర్చున్నారు. అబ్బాయి కూడా ఆగిపోయాడు. మేము, అమ్మాయి లోపలికి వెళ్ళాం.

లోపల అందంగా ఉంది, కాదనలేం. పూత బంగారం, నూనె దీపాలు, ఇత్తడి గంటలు. ఒక పెద్దాయన మాతో హిందీలో ఆప్యాయంగా మాట్లాడాడు, మంచినీళ్ళిచ్చాడు. శాక్యులమని చెప్పాడు. శాక్య, వజ్రాచార్య కులాల్లో పుట్టిన మగపిల్లలకు ఇలాంటి విహారాల్లో గుండు చేసి చీవరం కడతారు. నాలుగు రోజులు భిక్షువుగా ఉండి మళ్ళీ ఇంటివాడవుతాడు. విహారంలో సభ్యత్వం తండ్రినుంచి కొడుక్కి వస్తుంది. బయటివాళ్ళు చేరలేరా అని అడిగాం. ఆయన నవ్వి, "పుట్టాలి కదమ్మా," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆకాశం నీలంగా ఉంటుందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

న్యాయశాస్త్రం చదువుకున్న బుర్ర కదా, గతమంతా కళ్ళముందుకొచ్చింది. 1854లో జంగ్ బహదూర్ రాణా తెచ్చిన ములుకీ ఐన్ నేపాల్ ప్రజలందర్నీ జంధ్యం వేసేవాళ్ళనీ, మద్యం తాగేవాళ్ళనీ, నీళ్ళు ముట్టకూడనివాళ్ళనీ, అంటరానివాళ్ళనీ అంతస్తులుగా పేర్చింది. బౌద్ధులకూ అందులో మెట్లు కేటాయించింది. 1963లో కొత్త చట్టం వచ్చింది, 2011లో అంటరానితనాన్ని నేరంగా శిక్షించే చట్టమూ వచ్చింది. మనకు 1950 నుంచీ 17వ అధికరణం ఉంది. పుస్తకాల్లో రెండు దేశాలూ బాగానే ఉన్నాయి.

బయటికొచ్చి విన్నదంతా చెబితే మా ఆయనకు కోపం, నవ్వు కలిసి వచ్చాయి. "శాక్యులా! శాక్య కుమారులు సంఘంలో చేరడానికొచ్చి, మా కులగర్వం అణగాలి, ముందు మంగలి ఉపాలికి దీక్ష ఇవ్వండి, మేము ఆయనకు మొక్కుతాం అని బుద్ధుణ్ణి అడిగారు. వాళ్ళ పేరు పెట్టుకుని వీళ్ళు చేసేది ఇదా?" అన్నారు. మేమూ వంతపాడాం. రెండువేల ఏళ్ళు కాపలా లేకపోతే ధమ్మంలోకి కూడా కులం ఎలా దూరుతుందో పిల్లలకు చెప్పసాగాం.

అబ్బాయి అంతా విని మెల్లగా అన్నాడు: "అమ్మా, నాన్నా, మన గుమ్మానికి కూడా బోర్డు ఉంది కదా. రాసిపెట్టలేదంతే."

మా నోళ్ళు పడిపోయాయి.

ధమ్మ మిత్రులకు నిజం చెప్పాలి. మా అబ్బాయి ఒక అమ్మాయిని ఇష్టపడి రెండేళ్ళయింది. వాళ్ళది గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, భిలాయ్‌లోనే ఉంటారు, మనలాగే దీక్ష తీసుకున్నవాళ్ళు. ఆదివారాలు మాతో పాటే త్రిశరణాలు చెబుతారు. కానీ వాళ్ళు మాలలు, మేము మాదిగలం. మేము ఎప్పుడూ వద్దనలేదు. "ముందు ఇల్లు కట్టుకోనీ", "చెల్లి చదువు అవనీ", "ఊళ్ళో పెద్దవాళ్ళు నొచ్చుకుంటారేమో" అంటూ వచ్చాం. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ఎందరో జంటలకు మా చేతులతో దరఖాస్తులు నింపాం, నోటీసు 30 రోజులూ వాళ్ళకు అండగా నిలబడ్డాం. 22 ప్రతిజ్ఞల్లో తొమ్మిదోదీ పదోదీ సమానత్వం గురించినవేనని వేదికలమీద వివరించాం. సొంత కొడుకు దగ్గరకొచ్చేసరికి కాలయాపన చేశాం.

1990 సవరణ వల్ల బౌద్ధులమైనా మనకు ఎస్సీ హోదా నిలిచింది. సర్టిఫికెట్‌లో కులం పేరు ఉండక తప్పదు, అది మన హక్కు. వర్గీకరణ వాదప్రతివాదాలు కోర్టుల్లో, చట్టసభల్లో తేలతాయి, తేలాలి కూడా. కానీ సర్టిఫికెట్‌లోని మాటను వంటింట్లోకి తెచ్చుకోమని ఏ చట్టమూ చెప్పలేదు. అది మేమే తెచ్చుకున్నాం. పెద్దాయన "పుట్టాలి కదమ్మా" అన్నది మేము గట్టిగా అనలేదు, అంతే తేడా.

సాయంత్రం బౌద్ధనాథ్ వెళ్ళాం. ఆ తెల్లటి మహాస్తూపం చుట్టూ జనం ప్రదక్షిణ చేస్తున్నారు: టిబెట్ ముసలమ్మలు, స్కూలు పిల్లలు, టూరిస్టులు. ఎవరు ఎవరి వెనక నడుస్తున్నారో చూసేవాళ్ళు లేరు. మా ఆయన నడుముకు బెల్టు అలాగే ఉంది, ఎవరూ అడగలేదు. మూడు చుట్లు మాట్లాడకుండా నడిచాం. నాలుగో చుట్టులో ఆయన ఆగి, అబ్బాయి చేతిలోని ఫోన్ అడిగి తీసుకున్నారు.

అక్కడ 8 గంటలు, భిలాయ్‌లో 7.45. అవతల ఆ అమ్మాయి నాన్నగారు, "జై భీమ్ అన్నయ్యా, అప్పుడే చేరారా? ప్రయాణం బాగా సాగిందా?" అని కుశలం అడుగుతున్నారు. మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"బాగా సాగింది తమ్ముడూ. వచ్చే ఆదివారం మీ ఇంటికి భోజనానికి వస్తున్నాం. నలుగురం. రెండేళ్ళ క్రితమే రావాల్సింది, ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆయన ఇంట్లోకి తిరిగి ఎవరినో గట్టిగా పిలవడం మాకు వినిపించింది.