గడపకు పడిన దెబ్బ

నడక నేర్చుచున్న బిడ్డ గడప తట్టుకొని బోర్లపడినప్పుడు మన యిండ్లలో జరుగు ప్రథమ చికిత్స ఏ వైద్యగ్రంథమునందును కానరాదు. బిడ్డను ఎత్తుకొన్న నాయనమ్మయో అమ్మమ్మయో ముందుగా ఆ గడపను అరచేతితో రెండు దెబ్బలు కొట్టి, "మా నాన్నను కొడతావా, ఇంకెప్పుడైనా కొడతావా" అని గద్దించి, ఏడ్చుచున్న వానిచేతనే మరియొక దెబ్బ కొట్టించి, ఆ పిమ్మట గాని నుదుటి బొప్పి వంక చూడదు. శిశువైద్యుడనై చిరకాలము పనిచేసిన మీదట ఈ ఆచారమునెడ నాకు గౌరవము పెరిగినదే గాని తరుగలేదు. ఇంటిలో ఆపద జరిగిన క్షణమున పెద్దలందరి మనస్సులలోను పుట్టు మొదటి ప్రశ్న నేరమెవరిదన్నదే. ఆ నేరమును మారుపలుకక మోయుటకు గడపకంటె యోగ్యమైనది ఇంటిలో మరియొకటి లేదు. గడపకు అంటగట్ట వీలుకాని ఆపదలకు దృష్టిదోషము కలదు. ఎండుమిరపకాయలును ఉప్పును దిగదుడిచి నిప్పులలో వేయు ముసలమ్మను చూచి చదువుకొన్నవారు నవ్వుదురు. కాని ఆ మిరపకాయల ఘాటులో దోషమంతయు ఊరు పేరు లేని ఏదో కంటిమీదికి పోవుచున్నదే గాని, పొంగుచున్న పాలు దించుటకై పసివానిని అరక్షణము విడిచిపోయిన కోడలి మీదికి పోవుట లేదు. అది స్వల్పమైన మేలు కాదు.

ఆసుపత్రికి వచ్చునప్పటికి గడప ఇంటికడనే నిలిచిపోవును. బిడ్డతో వచ్చువారు మనుష్యులు. పసిపిల్లల యాపదలు నా యెరుకలో హెచ్చుగా దీపాలవేళనే సంభవించును. అప్పుడు వంట సాగుచుండును, తండ్రి పనినుండి అప్పుడే మరలివచ్చును, బిడ్డ ఆకలికిని నిద్రకును నడుమ విసిగియుండును, పెద్దలలో ప్రతివారును వాడు మరియొకరి కనుసన్నలలో నున్నాడని నమ్మియుందురు. ఆటో దిగునది ఒక్క రోగియే యైనను వెంట అయిదారుగురు దిగుదురు. తల్లి బిడ్డను గుండెకు హత్తుకొని నోరు విప్పదు. అత్తగారు నోరు మూయదు. తండ్రి ఒకమారు భార్య వంకను ఒకమారు తల్లి వంకను చూచి, ఎవరి వంక చూచినను చిక్కేయని గోడమీది టీకాల పటమును చదువుచుండును. మేనమామ యొకడు ముందుకు వచ్చి, "స్కానింగు తీయించండి సార్, ఎంతైనా పర్వాలేదు" అనును. ఇన్ని సాక్ష్యముల నడుమ బిడ్డకు నిజముగా ఏమి జరిగినదో తెలిసికొనుట యెట్లు?

ఒకనాడు రెండేండ్లు నిండని బాలికను తెచ్చిరి. ఎడమచేయి ప్రక్కన వ్రేలాడుచున్నది. మోచేయి కొంచెము వంగి, అరచేయి వెనుకకు తిరిగియున్నది. ఆ చేతిని ఎవరును ముట్టనంతసేపు పిల్ల ఏడ్చుట లేదు, కుడిచేతితో నిశ్చింతగా బిస్కత్తు తినుచున్నది. ముట్టినచో ఆసుపత్రి యెల్ల దద్దరిల్లునట్లు కేకవేయుచున్నది. వాపు లేదు, కమిలిన జాడ లేదు. ఎట్లు జరిగినదని అడుగగా "పడిందండీ, మంచం మీంచి" అని నాయనమ్మ చెప్పెను. మంచము మాట విని తల్లి ఆశ్చర్యముతో తలయెత్తి, ఏమియు అనక మరల దించుకొనెను. పడిన బిడ్డ యనగా ఎముక విరిగియుండవచ్చును. అట్టి శంక యున్నంతవరకు ఎక్స్‌రే చూడక ఆ చేతిని త్రిప్పరాదు. కాని నాయనమ్మ చెప్పుచున్న కథ వేరు, వ్రేలాడుచున్న చేయి చెప్పుచున్న కథ వేరు.

ముంజేతియందలి రెండెముకలలో బొటనవ్రేలి వైపున నుండుదాని తల చుట్టును, మోచేతికడ, ఉంగరమువలె ఒక స్నాయుబంధము చుట్టుకొనియుండును. వయస్సు వచ్చిన వారిలో అది గట్టిపడి కదలదు. అయిదేండ్లలోపు బిడ్డలలో సడలియుండుటచే, చాచియున్న చేతిని ముంజేయి పట్టి హఠాత్తుగా లాగినచో, అది ఎముక తలమీదికి జారి కీలులో చిక్కుకొనును. వీధి దాటించునప్పుడును, మెట్టు ఎక్కించునప్పుడును, చొక్కాలోనుండి చేయి ఊడదీయునప్పుడును, రెండు చేతులు పట్టి గిరగిర త్రిప్పి ఆడించునప్పుడును ఇది జరుగుచుండును. కుడిచేతివాటపు పెద్దలు ప్రక్కన నడచు బిడ్డ ఎడమచేతినే పట్టుదురు గనుక ఎడమచేతికి ఇది ఎక్కువ. ఎముక విరుగలేదు, కీలు పూర్తిగా తొలగలేదు. చిక్కిన బంధమును విడిపించుటయే చికిత్స. అయితే లాగిన మాట ఎవరో ఒకరు ఒప్పుకొనవలెను.

నేను నాయనమ్మతో, "అమ్మా, ఈ వయసు పిల్లల్ని చెయ్యి పట్టి లేపని ఇల్లు ఎక్కడా లేదు, మా ఇంట్లోనూ లేపుతాం. ఇవాళ ఎవరైనా అలా లేపి ఉంటే చెప్పండి, ఎక్స్‌రే లేకుండా ఇప్పుడే బాగుచేస్తాను" అంటిని. ఆమె కొంతతడవు ఊరకుండి, కోడలి వంక చూడకుండ, "నేనే బాబూ. వీధరుగు మీద కూర్చుంటే కుక్క మీదికొచ్చింది, గబాల్న పైకి లాగాను" అనెను. మనుమరాలిని కుక్కబారినుండి తప్పించిన మనిషి, ఆ తప్పించుటయే నేరమగునని భయపడి, లేని మంచమొకటి కల్పించినది! మోచేతి కీలుమీద బొటనవ్రేలుంచి, ముంజేతిని లోపలివైపునకు పూర్తిగా త్రిప్పితిని. నా వ్రేలిక్రింద 'టిక్కు'మని సన్నని కదలిక తెలిసినది. పిల్ల ఒక్క కేకవేసి, నాయనమ్మ మెడను కౌగిలించుకొని, కొంతసేపటికి ఆ ఎడమచేతితోనే నా మేజామీది స్టెతస్కోపును లాగుకొనుచుండెను.

ఈ చికిత్సకు కీర్తి యెన్నడును వైద్యునికే దక్కునని నియమము లేదు. ఎక్స్‌రే గదిలో పనిచేయువాడు పటము సరిగా వచ్చుటకై బిడ్డ అరచేతిని వెల్లకిల త్రిప్పునప్పుడే బంధము విడిపోవుట కద్దు. అప్పుడు బిడ్డ నవ్వుచు బయటికి వచ్చును, ఇంటివారు యంత్రమును కొనియాడుదురు. బెణుకులు సవరించు గ్రామవైద్యులలోను దీనిని చక్కగా త్రిప్పగలవారిని ఎరుగుదును. చిక్కంతయు కట్టుతోనే. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదగుటచే, చేతికి ఏ కట్టును లేకుండ ఇంటికి పొమ్మన్న వైద్యుని విద్యయందు మనవారికి పూర్తి విశ్వాసము కుదరదు. ఆనాటి మేనమామయు వాకిలి దాటి వెనుకకు వచ్చి, "కనీసం క్రేపు బ్యాండేజీ అయినా…" అని నసిగెను.

తలకు తగిలిన దెబ్బలయందు ఇంటివారి నేరభావము మరియొక రూపము దాల్చును. గడపమీద పడి నుదుట బొప్పికట్టి, వెంటనే ఏడ్చి, పాలు త్రాగి, ఎప్పటివలె ఆడుకొనుచున్న బిడ్డకు స్కానింగు ఏల? 2009లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన ఉత్తర అమెరికా పరిశోధన యొకటి, 42,000కు పైబడిన పిల్లలను పరిశీలించి, ఎవరికి ఆ పరీక్ష అక్కరలేదో నిర్ణయించినది. రెండేండ్లలోపు బిడ్డ తెలివిగా నుండి, స్పృహ తప్పక, నుదుట తప్ప తలపై మరెక్కడను బొప్పి లేక, ఎముక విరిగిన జాడ చేతికి తగులక, మూడడుగుల కంటె ఎత్తునుండి పడక, తల్లిదండ్రుల కంటికి ఎప్పటివలెనే తోచుచున్నచో, మెదడునకు ప్రమాదము మిక్కిలి అరుదు. 'మా వాడు మామూలుగానే ఉన్నాడు' అను తల్లి మాట ఆ నియమములలో ఒకటిగా చేరుట నాకు ఎంతయు నచ్చినది. కాని ఆ సాయంత్రము ఈ మాటలన్నియు తండ్రికి రుచింపవు. బిడ్డ పడునప్పుడు తాను సెల్ ఫోను చూచుచుంటినని ఆయనకు తెలియును; స్కానింగు ఆయన అడుగు ప్రాయశ్చిత్తము. ప్రాయశ్చిత్తము ఎవరిదైనను కిరణములు సోకునది పసివాని మెదడునకు గనుక నేను దానిని వ్రాయను. మరల మరల వాంతి యైనను, లేపినను లేవనంత మగత కలిగినను, మూర్ఛ వచ్చినను అర్ధరాత్రియైనను తీసికొనిరమ్మని చెప్పి, ఆ రాత్రి బిడ్డను కనిపెట్టియుండు పనిని తండ్రికే ఒప్పగింతును. ఎక్కువమంది ఆ పనిని సంతోషముతో స్వీకరించిరి.

దాచిన మాట కీలుతో పోక ప్రాణముమీదికి వచ్చు సందర్భములును కలవు. వంటగ్యాసు ఇంటింటికిని రాక పూర్వము, వేసవి వచ్చినదన్న కిరసనాయిలు త్రాగిన బిడ్డలు వరుసగా వచ్చుచుండిరి. రేషను దుకాణమునుండి తెచ్చిన నూనెను కూల్‌డ్రింకు సీసాలో పోసి పొయ్యి ప్రక్కన నేలమీద పెట్టుట వాడుక. దాహముగొన్న బిడ్డకు సీసా తెలియును గాని అందులోనిది తెలియదు. ఒక గుటక పడగనే గొంతు మండి పొలమారును. కడుపులోనికి దిగిన నూనె చేయు హాని కొంచెము. పొలమారినప్పుడు ఊపిరితిత్తులలోనికి జారిన కొన్ని బొట్లే, ద్రవము మిక్కిలి పలుచనిదగుటచే శీఘ్రముగా వ్యాపించి, ఊపిరి అందకుండ చేయును. కావున వాంతి చేయించరాదు. చేయించినచో దిగిన నూనె మరల గొంతుదాక వచ్చి, ఊపిరితిత్తులలో జొరబడుటకు రెండవ అవకాశము కలుగును. కడుపు కడుగుటయు తగదు. ఆరు గంటలు కనిపెట్టియుండి, దగ్గును ఆయాసమును లేనిచో ఇంటికి పంపవచ్చును.

ఒక మధ్యాహ్నము వచ్చిన బాలుడు త్రాగినది ఒక్క గుటకయే యని ఇంటివారెల్లరు ఏకకంఠముతో చెప్పుచుండిరి. వాని ఊపిరి నిమిషమునకు 60 దాటియున్నది, డొక్కలు ఎగురుచున్నవి, చొక్కా తడిసి, దానిమీద అన్నపు మెతుకులు అంటియున్నవి. వాంతి చేయించితిరా యని అడిగిన లేదనిరి. ఆ ప్రశ్నలోనే గద్దింపు వినబడినది కాబోలు. ప్రాణవాయువు పెట్టించి, అమ్మమ్మను ప్రక్కకు పిలిచి, "పిల్లాణ్ణి కాపాడటానికి మీరు ఏమేమి చేశారమ్మా?" అని అడిగితిని. ఆమె కన్నీరు పెట్టుకొని, "ఉప్పునీళ్లు పట్టించాను బాబూ, నోట్లో వేలు పెట్టి కక్కించాను. ఈ మాట మా అల్లుడికి మాత్రం చెప్పకండి" అనెను. కూతురు బిడ్డతో పుట్టింటికి వచ్చియుండగా ఇది జరిగినది. అల్లుడు బస్సులో వచ్చుచున్నాడు. తల్లికి మాట రాకుండుటకై కూతురే ఆ సంగతి కప్పిపుచ్చినది. ఉప్పునీటి మాట బయటపడినందున రక్తములో ఉప్పు హెచ్చినదేమో కూడ పరీక్షింపగలిగితిమి. బాలుడు కొన్ని దినములు ఆయాసపడి, జ్వరపడి, కోలుకొనెను. అల్లుడు వచ్చినప్పుడు, ఊపిరితిత్తులలో నూనె చేరినదని మాత్రము చెప్పితిని. అది అబద్ధము కాదు.

'ఎవరు' అని అడుగక 'ఎట్లు' అని అడుగవలెనను నా పద్ధతికి సమ్మతింపని మిత్రులున్నారు. వారి పక్షమునను బలమున్నది. 1962లో అమెరికాలో హెన్రీ కెంప్ అను శిశువైద్యుడు తన సహచరులతో గూడి, ఇంటిలోనే దెబ్బలు తిన్న బిడ్డలను గూర్చి వ్రాసిన వ్యాసము అక్కడి వైద్యసంఘపు పత్రికలో వెలువడినది. అంతకుముందు ఎందరో వైద్యులు ఆ విరిగిన ఎముకలను చూచియు, తల్లిదండ్రులు అట్టి పనిచేయుదురని నమ్మజాలక, కల్పించిన కథలను నమ్మిరి. ప్రాకుట కూడ నేర్వని శిశువునకు తొడయెముక విరుగుట, మేజోడు తొడిగినట్లు సరిహద్దు తీర్చిన కాలుడు మచ్చ, చెవిమీద కమిలిన గుర్తు మున్నగునవి కనబడినప్పుడు నేనును 'ఎవరు' అనియే అడిగితిని, పోలీసులకు కబురు పంపితిని. నడక నేర్చిన బిడ్డ మోకాళ్లమీదను ముంగాళ్లమీదను గుర్తులు లేకున్ననే ఆశ్చర్యము. అయితే ఈ రెంటిని వేరుచేయుటకు సాధనమును 'ఎట్లు' అను ప్రశ్నయే. చెప్పిన కథతో గాయము పొసగుచున్నదా లేదా యని చూచుటకు ముందు కథ యొకటి నిర్భయముగా బయటికి రావలెను గదా.

ముక్కులో గింజలు పెట్టుకొని వచ్చువారికి లెక్క లేదు. అందును ఏ గింజయో తెలియుట ముఖ్యము. పూస యైన మరునాటిదాక ఆగును. శనగ యైన తేమకు ఉబ్బి బిగిసిపోవును గనుక నీరు తగులనీయరాదు. గడియారపు బిళ్ల బ్యాటరీ యైన కొన్ని గంటలలోనే లోపలి పొరను కాల్చివేయును. ఒక శ్రావణమాసమున రెండేండ్ల బాలుని తెచ్చిరి. వాయనములకై నానబెట్టుటకు తీసిన శనగలు హాలులో నుండెను. వానిని అక్కడ వదలిపెట్టినది పనిమనిషియే యని బామ్మగారును, పిల్లవానిని చూచుకొనవలసినది అక్కగారే యని పనిమనిషియు దారిపొడుగునను వాదులాడుకొనుచు వచ్చిరి. ఆ అక్కగారికి అయిదేండ్లు. తల్లి కుచ్చెళ్లు పట్టుకొని నిలిచి, ఎవ్వరడిగినను పెదవి కదపక యుండెను. లోతుగా దిగిన గింజను కొక్కెముతో ఎట్లో బయటికి లాగి, అందరును లేచి చెప్పులు తొడుగుకొనుచుండగా, ఆ పిల్లతో, "మీరు ఎలా ఆడుకున్నారమ్మా ఈ శనగలతో?" అంటిని.

"ఈ ముక్కులో నేను పెట్టాను," అని తమ్ముని ముక్కు కుడివైపును చూపి, "ఆ ముక్కులో వాడే పెట్టుకున్నాడు" అనెను.

దీపము రెండవవైపునకు త్రిప్పితిని. ఉన్నది. ఇది అంత లోతున లేదు గనుక, ఖాళీయైన నాసాపుటమును నేను వ్రేలితో మూసి, తల్లిచేత బిడ్డ నోట నోరుంచి ఒక్కమారు గట్టిగా ఊదించితిని. శనగగింజ వచ్చి నా కోటుమీద పడెను. బామ్మగారు మరల కూర్చుండి, "చెవులు కూడా ఒకసారి చూడండి డాక్టరుగారూ" అనెను.