యెనిసెయి తీరపు రంగుమాటలు

సైబీరియాలో ఉత్తర హిమసముద్రమునకు పాఱు యెనిసెయి మహానది తీరమున కేత్ అను కొలదిజన మున్నారు. వారు నెత్తురును 'సూల్' అందురు. ఎఱ్ఱనిదానిని 'సులెమ్' అందురు. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన చూచిననాడు మాకు గలిగిన సంతోష మింతింత యనరాదు. ఒక రంగునకు పేరు పుట్టిన చోటు కంట బడినదని భ్రమించితిమి.

భ్రమ యనుట పూర్తిగా న్యాయము కాదు. కేత్ భాషకు యుగ్ అను సోదరభాష యుండెడిది. కేతులు నీటిని 'ఊల్' అన, యుగులు 'ఊర్' అనిరి. అక్కడి 'సూల్' ఇక్కడ 'సూర్'. లకారమునకు రేఫము క్రమము తప్పక వచ్చుచున్నది గనుక నెత్తురుమాట ఒకరియొద్ద నొకరు ఎరవు తెచ్చుకొన్నది గాదనియు, ఉభయులకును పూర్వభాషనుండి దాయముగా వచ్చినదనియు నమ్మవచ్చును. ఎఱుపుమాట నెత్తురుమాటకంటె దీర్ఘము, ప్రత్యయము తగిలించుకొన్నది. కావున నెత్తురే తల్లి. ఇంతవఱకు తర్కము నిలుచును. కాని ఆ కూర్పు పూర్వభాషలోనే జరిగినదా, వేఱుపడిన పిమ్మట ఎవరింట వారు చేసికొన్నారా? నెత్తురును చూచి ఎఱుపునకు పేరు పెట్టుట ఎవరికైనను తోచును.

నల్లనిదానిని 'తూమ్' అందురు. దానికి అట్టి తల్లి పైకి కానరాదు. అట్టిచోట ఊహకు కళ్లెము లేదు. బొగ్గనియు, మసి యనియు, రాత్రి యనియు ఎవరి కిష్టమైనది వారు చెప్పుదురు. మేమును ఒక కాగితముపై వ్రాసితిమి, మఱునాడు చింపివేసితిమి.

పోనీ, అడుగుదమన్న నెవరిని? ఫిన్లండు పండితుడు కాస్త్రేన్ 1840లలో క్షయపీడితుడై యుండియు ఆ దేశములు తిరిగి, అగూల్ నదియొద్ద కొట్ అను మఱియొక సోదరభాష వచ్చినవారి నైదుగురిని కనుగొనెను. 1852లో, 38 ఏండ్లకే గతించెను. ఆయన వ్యాకరణము 1858లో వెలువడెను. ఆ యైదుగురు చెప్పినదే ఆ భాషకు నేడు ముఖ్యాధారము. వారి ఎఱుపు నక్కతోకకు చెల్లెనో లేదో, ఎండిన గడ్డిని వారేమనిరో, ఆయన అడుగని ప్రశ్న అడుగనిదిగానే మిగిలినది. యుగ్ భాషయు గత శతాబ్దమున అణగిపోయినది. 2010 జనాభా లెక్కలలో కేత్ భాష వచ్చునన్నవారు రమారమి 200 మంది.

మా నాయనమ్మ ఆవులను కఱ్ఱి, పుల్ల, మైల యని పిలిచెడిది. కఱ్ఱి నలుపు, పుల్ల కపిలవర్ణము. మైలావు మాకు బాగుగ జ్ఞప్తి యున్నది, దాని కొమ్ముల వంకరతో సహా. ఆ చాయ మాత్రము లేదు. మైల యనగా మాసినది గనుక మాసిన తెలుపై యుండునని కూర్చుండి సాధింపగలము, కేతుల నలుపునకు చేసినట్లే. ఆమె అరుగుమీద కూర్చుండిన పదునెనిమిదేండ్లును మే మాయింటనే యుంటిమి. ఒక్కనాడును అడుగలేదు.